ఇంకా మాగలేదు

బల్లకి అటువైపు కూర్చున్న మేడమ్ గారు ఒక అట్టముక్క ఎత్తి చూపించారు. దాని మీద అరటిపండు బొమ్మ. ఇటువైపు మూడున్నరేళ్ళ మా మనవరాలు. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందవు, ఊపుకుంటూ ఉంది. "వాట్ ఈజ్ దిస్?" అన్నారు మేడమ్. పిల్ల ఆ బొమ్మని ఎగాదిగా చూసింది. గీసినవాడు తొడిమ దగ్గర కాస్త ఆకుపచ్చ రంగు పూశాడు.

"ఇంకా మాగలేదు," అంది.

మేడమ్ మళ్ళీ అడిగారు, ఈసారి గట్టిగా. "మాగలేదు కదా తాతయ్యా, నువ్వు చెప్పు," అంది పిల్ల నా వైపు తిరిగి, పాపం ఆవిడకి తెలియదన్నట్టు. ఆవిడ కాగితం మీద ఒక గీత కొట్టి తర్వాతి అట్ట తీశారు. అది ఏనుగు. అప్పటికే పిల్లకి విసుగొచ్చేసింది. వచ్చేముందు మా కోడలితో అన్నారట: "పాపకి బేసిక్స్ కూడా లేవండీ. ఇంట్లో మీరు ఇంగ్లీషులో మాట్లాడరా?"

ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. హైదరాబాదులో ఈ వీధిలోంచి ఆ వీధికి మారితే బోర్డు మారుతుంది గానీ అట్టముక్కలు మారవు. ఆ మేడమ్ మీదా నాకు కోపం లేదు. చాలీచాలని జీతానికి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నిలబడే మనిషి. ఆవిడకి ఎవరో ఆ అట్టలు చేతిలో పెట్టి, ఇదే చదువు అన్నారు. నా కోపం ఆ 'ఎవరో' మీద, ఆ మాట నమ్మి వరసలో నిలబడి డబ్బు కడుతున్న మన మీద.

'మాగడం' అన్న మాట ఆ పిల్లకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సంక్రాంతికి రావులపాలెం దగ్గర మా ఊరు తీసుకెళ్ళాం. దొడ్లో కర్పూరం గెల కోసి, అత్తాలు విడదీసి, కొట్టుగదిలో గోనెసంచులు కప్పి పెట్టారు. పొద్దున్న లేవగానే పిల్ల ఆ గదిలోకి పరుగు. సంచి మూల ఎత్తి చూడ్డం, "ఇంకా మాగలేదే, మూసెయ్" అని వాళ్ళ నానమ్మ కేకెయ్యడం. నాలుగు రోజులు ఇదే తంతు. ఒకటి దొంగతనంగా కొరికి, వగరెక్కి ఉమ్మేసింది కూడా. అయిదోనాడు గది నిండా వాసన. "మాగింది!" అని వీధి గుమ్మం దాకా వినపడేలా అరిచింది. ఆ మాట వెనక ఆ వగరు, ఆ వాసన, గోనె గరుకు, నానమ్మ కేక, నాలుగు రోజుల ఎదురుచూపు అన్నీ ఉన్నాయి.

వ్యాకరణం సంగతి కూడా చూడండి. 'మాగలేదు' క్రియ, అందులోనూ వ్యతిరేకార్థం. ముందు 'ఇంకా' తగిలించింది. అంటే ఇప్పటిదాకా కాలేదు, ముందుముందు అవుతుంది. కానిదాన్నీ కాబోయేదాన్నీ రెండు మాటల్లో కట్టేసింది. మేడమ్ గారికి కావలసింది మాత్రం ఒకే ఒక్క నామవాచకం. అది ఇవ్వలేదు గనక పిల్లకి భాష రాదు!

మన శిశుతరగతుల రోగమంతా ఇదే. పండ్ల పేర్లు పది, జంతువుల పేర్లు పది, రంగులు, ఆకారాలు, వాహనాలు. పేర్లు అప్పజెబితే భాష వచ్చేసినట్టు. రేషన్ షాపు బోర్డు మీదా పేర్లే ఉంటాయి, దాన్ని భాష అనం కదా. ఏ తల్లీ చంటిబిడ్డకి ముందు నామవాచకాలు, తర్వాత క్రియలు, ఆపైన విభక్తులు అని పాఠాలు కట్టలేదు. నీళ్ళు పోస్తూ లాల పోసుకుందాం అంటుంది, ముద్ద కలుపుతూ బువ్వ అంటుంది, తలుపు చాటునుంచి బూచాడొస్తున్నాడు అంటుంది. మాట ఎప్పుడూ పనితో కలిసే వస్తుంది. పనిలోంచి ఊడబెరికి అట్టకి అంటించిన మాట కోసిన పువ్వు, సాయంత్రానికి వాడుతుంది.

బడి గేటు చూడకముందే పిల్లలు ఎంత పని ముగించుకుని వస్తారో బళ్ళకి తెలియదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసివాళ్ళకి హిందీ 'త', 'ట'లు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వాళ్ళలో చాలామందికి ఆ తేడా వినపడ్డం మానేసింది. ఇంట్లో పనికిరాని తేడాని చెవి వదిలేసుకుంది. మన ఇళ్ళలో "తాతకి టాటా చెప్పు" అని రోజూ చెయ్యి ఊపిస్తాం చూడండి, ఆ ఒక్క వాక్యం వాంకూవర్‌లో పెద్దపెద్దవాళ్ళ చెవులకి అందదు, మన ఏడాది బిడ్డకి అందుతుంది. దీనికి ఏ ప్లేస్కూలుకీ మనం ఫీజు కట్టలేదు.

ఇంకోటి. సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల ముందు చైనా మాండరిన్ మాట్లాడే మనుషుల్ని కూర్చోబెట్టింది. బొమ్మలతో ఆడిస్తూ, పుస్తకాలు చూపిస్తూ, 25 నిమిషాల చొప్పున 12 సార్లు. ఆ కాస్తకే పిల్లలు ఆ భాష ధ్వనులు పట్టేశారు. మరో గుంపుకి అవే మాటలు తెర మీద చూపించారు. వాళ్ళకి ఏమీ అంటలేదు. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. అప్పటినుంచి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో మనం చేసిందేమిటి? గిన్నెలో అన్నం కలిపి, పిల్ల ముందు ఫోను నిలబెట్టి, రంగురంగుల ఇంగ్లీషు పాటలు పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కుతున్నాం. పైగా "మావాడికి యూట్యూబ్‌తో ఇంగ్లీషు వచ్చేస్తోందండీ" అని చుట్టాలకి చెప్పుకుంటున్నాం. చందమామని చూపిస్తూ తినిపించిన అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆవిడ ముద్దముద్దకీ మాట్లాడేది, బిడ్డ ఊ కొడితే ఆగేది, ఏడిస్తే మాట మార్చేది. తెర ఆగదు, మార్చదు, బిడ్డ మొహం చూడదు.

పిల్లలు విన్నది వల్లె వేస్తారనే మూఢనమ్మకం ఒకటుంది. దాన్ని 1958లోనే జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు బద్దలు కొట్టింది. పిట్టలాంటి బొమ్మ ఒకటి గీసి దానికి 'వగ్' అని లేని పేరు పెట్టింది. ఇప్పుడు ఇలాంటివి రెండున్నాయి, ఏమంటారు అని పసిపిల్లల్ని అడిగితే చాలామంది 'వగ్స్' అన్నారు. పుట్టి బుద్ధెరిగి ఆ మాట ఎవరి నోటా వినలేదు వాళ్ళు. సూత్రం ఎవరూ చెప్పకుండానే లోపల కూర్చుంది.

మనకైతే బొమ్మ గియ్యక్కర్లేదు. నాలుగేళ్ళ తెలుగు పిల్లని కదిపితే చాలు. పులీ లేదు గిలీ లేదు, పామూ లేదు గీమూ లేదు అంటుంది. మొదటి అక్షరం పొట్టిదైతే 'గి', పొడుగుదైతే 'గీ'. కొత్త మాట ఇచ్చి చూడండి: బన్నూ గిన్నూ, కేకూ గీకూ. ఒక్కసారీ తప్పదు. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి ఆ సూత్రమేమిటని నిలదీస్తే కాసేపు బుర్ర గోక్కుంటాడు. మా మనవరాలు కొన్నాళ్ళు "నాన్న ఇంకా వచ్చలేదు" అనేది. అందరం నవ్వాం. నవ్వాక నాకు సిగ్గేసింది. చెప్పాడు-చెప్పలేదు, తిట్టాడు-తిట్టలేదు, మరి వచ్చాడు-వచ్చలేదు ఎందుక్కాదు? లెక్క ఆ పిల్లదే సరైంది, తెలుగే అక్కడ తప్పుకుంది. 'వచ్చలేదు' అని మా ఇంట్లో ఎవరం అనం. తనే కట్టుకుంది. ఆ తప్పుని ఎర్ర సిరాతో కొట్టేసేవాడు గూడు కట్టుకుంటున్న పిట్టని పుల్ల వంకరగా పెట్టావని తరిమేసేవాడే. నాలుగు నెలలకి, ఎవరూ దిద్దకుండానే, అది 'రాలేదు' అయింది.

ఇక ఆట. తెలుగులో 'మనం' వేరు, 'మేం' వేరు. 'మనం'లో వింటున్నవాడు ఉంటాడు, 'మేం'లో ఉండడు. ఇంగ్లీషువాడికి రెండింటికీ ఒకటే మాట. ఈ తేడా నేను ఏ ఎల్‌కేజీ పుస్తకంలోనూ చూడలేదు. మరి పిల్లలకి ఎక్కడ వస్తుంది? తొక్కుడుబిళ్ళ గీతల దగ్గర. "మేం ఆడుకుంటున్నాం, నువ్వు రావద్దు" అని అక్కలు గెంటేసినప్పుడు. మూతి ముడుచుకుని గోడ పక్కన నిలబడ్డాక, ఒక పుణ్యాత్మురాలు "దా, మనం ఆడుకుందాం" అని చెయ్యి పట్టుకున్నప్పుడు. 'మేం' అంటే కన్నీళ్ళు, 'మనం' అంటే చోటు. వందసార్లు కాపీ రాయించినా ఇది రాదు. ఒక్క సాయంత్రం చాలు.

అరుగు మీద అమ్మలక్కల కబుర్లలో వొళ్ళో కూర్చున్న పిల్లకి 'అట' వస్తుంది. "ఊరెళ్ళింది" అంటే నేను చూశాను, "ఊరెళ్ళిందట" అంటే ఎవరో చెప్పారు. కోర్టులో లాయర్లు గంటలకొద్దీ వాదించుకునే తేడా. బొమ్మల పెళ్ళిలో 'మీరు' వస్తుంది. ఇంట్లో తాతనీ తండ్రినీ 'నువ్వు' అనే పిల్ల, వియ్యపురాలి వేషం కట్టగానే "రండి వదినగారూ, కూర్చోండి, కాఫీ తాగుతారా" అంటుంది. ఇసుకే అన్నం, బాదం ఆకే విస్తరి. ఇసుకని అన్నమని పిలవగలిగిన బుర్ర మాటని వస్తువు నుంచి విడదీసేసింది. 1933లో వైగాట్‌స్కీ అనే రష్యన్ మనోవిజ్ఞాని ఆట గురించి ఉపన్యసిస్తూ కర్రని గుర్రం చేసుకుని తిరిగే పిల్లవాడిలో చూసింది ఇదే. గుజ్జనగూళ్ళు ఆడుకునే పిల్లలు భాషాశాస్త్రం పనే చేస్తున్నారు. మనం వాళ్ళని లేపి, చేతులు కడిగి, వర్క్‌షీటు ముందు కూర్చోబెడుతున్నాం.

కూర్చోబెట్టాక నేర్పే మొదటి వాక్యమేమిటో మీకు తెలుసు. "ఫింగర్ ఆన్ యువర్ లిప్స్." భాష నేర్పుతామని డబ్బు పుచ్చుకున్న చోట మొట్టమొదటి పాఠం, నోటి మీద వేలు!

నోటి మీద వేలేసిన పిల్లల సంగతి వచ్చింది గనక నికరాగువా కథ చెప్పాలి. మధ్య అమెరికాలో చిన్న దేశం. అక్కడ చెవిటి పిల్లలకి చాలాకాలం ఒకరితో ఒకరికి పరిచయమే లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు, తల్లికి మాత్రమే తెలిసే నాలుగు సైగలతో పెరిగేవారు. 1977లో రాజధాని మనాగువాలో వాళ్ళకోసం ఒక బడి పెట్టారు. 1979లో విప్లవం వచ్చాక ఆ చదువు ఇంకా విస్తరించింది, వందలమంది చేరారు. టీచర్లకి తెలిసిందల్లా పెదవుల కదలిక చూసి స్పానిష్ గ్రహించమనడం, వేళ్ళతో స్పానిష్ అక్షరాలు చూపడం. పిల్లలకి ఒక్క ముక్క ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? వినని భాష స్పెల్లింగు వాళ్ళకెందుకు?

కానీ బడికి ఆటస్థలం ఉంది, ఇంటికి తీసుకెళ్ళే బస్సు ఉంది. అక్కడ ఎవరూ పాఠం చెప్పరు. అక్కడ ఆ పిల్లలు తమ ఇళ్ళనుంచి తెచ్చుకున్న సైగలు కలబోసుకున్నారు. వెక్కిరించుకోవడానికి, బంతి అడగడానికి, టీచరు మీద చాడీలు చెప్పుకోవడానికి. కలబోత కాస్తా భాష అయింది. ఆ తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దాన్ని అందిపుచ్చుకుని, పెద్దవాళ్ళకి లేనంత చిక్కటి వ్యాకరణం దానికి అల్లారు. టీచర్లకి అది అర్థం కాలేదు. 1986లో జూడీ కెగల్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్తని ప్రభుత్వం పిలిపిస్తే అప్పుడు తేలింది: పిల్లలు చేతులూపడం లేదు, మాట్లాడుతున్నారు. భూమ్మీద అప్పటిదాకా లేని ఒక భాష పుట్టింది. పుట్టింది తరగతి గదిలో కాదు, రిసెస్‌లో.

ఇది చదివాక కూడా రోజుకి ఇరవై నిమిషాల రిసెస్ ఇచ్చే బడికి పిల్లని పంపేవాళ్ళతో నాకు మాటల్లేవు.

"అంతా బాగానే ఉంది మాస్టారూ, మరి ఇంగ్లీషో?" అంటారు. అనాలి. ఆ ప్రశ్నలో ఆకలి ఉంది, అవమానం ఉంది. తరతరాలు చదువుకి దూరంగా ఉంచబడిన వాడలో తండ్రి తన కూతురికి ఇంగ్లీషు కావాలంటే, కొడుకుని అమెరికా పంపినవాడు వద్దనడానికి వీల్లేదు. నేనూ వద్దనను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం తెచ్చింది, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అయిదు నెలలూ టీవీల్లో నడిచిన యుద్ధం 'ఏ భాషలో' అన్నదాని మీదే. 'ఎలా' అన్నమాట నా చెవిన పడలేదు. ఏ భాషైనా సరే, అట్టల మీద నేర్పితే అట్టలే మిగులుతాయి.

భాషలెన్నైనా పడతాయి పిల్లలకి. కుప్పం వెళ్ళి చూడండి. అటు కన్నడం, ఇటు తమిళం, మధ్య తెలుగు. సంతలో తల్లి పక్కన కూర్చున్న పిల్లలు మూడు భాషల్లో బేరమాడతారు. పాతబస్తీ గల్లీలో గోళీలాడే పిల్లవాడు ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో తగువు ముగిస్తాడు. ఆటా బేరమూ తగువూ ఉన్నచోట భాష దానంతటదే వస్తుంది. ఇంగ్లీషూ అలాగే రావాలి, కథలతో, ఆటతో, దాన్ని సుఖంగా మాట్లాడే మనిషితో. "బేబీ, కమ్, ఈట్ రైస్" అనే ఇంటి ఇంగ్లీషుతో రాదు. ఆ తల్లికి బిడ్డతో చెప్పాల్సింది చాలా ఉంటుంది, ఆ మూడు ముక్కల ఇంగ్లీషులో అది పట్టదు. ఉన్న భాషలో నోరు కట్టేసుకుని, లేని భాషలో నత్తి పడుతుంది.

మళ్ళీ దానికి శిక్షలొకటి. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగులో మాట్లాడారని పిల్లల మెడల్లో పలకలు వేలాడదీశారు, ఇకమీదట తెలుగులో మాట్లాడను అని రాయించి. పందొమ్మిదో శతాబ్దంలో వేల్స్ దేశపు బళ్ళలో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కముక్క వేసేవారు, అచ్చం అలాగే. అక్కడ దాన్ని ఇప్పుడు సిగ్గుతో తలుచుకుంటారు.

తెలుగు అభిమానులు చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగండి. మీ వంతు ఉంది. మీ చేతికి మూడేళ్ళ పిల్లని ఇస్తే మీరు చేసేదేమిటి? అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించడం. పుట్టి బుద్ధెరిగి వాడని ఌ, ౡలు కూడా. 'ఋ అంటే ఋషి' అని అప్పజెప్పించడం. అరటిపండు అట్టకీ దీనికీ తేడా లిపి ఒక్కటే. పైగా 'వచ్చలేదు' వింటే మీరు మేడమ్ గారి కంటే ముందు ఎర్ర సిరా తీస్తారు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన పర్లాకిమిడిలో పనిచేస్తూ సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టిన సంగతి ఎన్ని సభల్లో వింటున్నాం? సవర, కోయ, గోండు పిల్లకి బళ్ళో ఎదురయ్యే మొదటి పరాయి భాష ఇంగ్లీషు కాదు, తెలుగు. ఉట్నూరు బళ్ళో మన తెలుగు మేష్టారే ఆ పిల్ల పాలిట అట్టముక్క మేడమ్. ఇంటి మాటలోంచి బడి మాటలోకి వంతెన ఎంత అవసరమో మనకంటే వందేళ్ళ ముందు ఆయనకి తెలిసింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది కూడా. దాన్ని కాపాడమని రోడ్డెక్కిన తెలుగు సంఘాన్ని నేనైతే చూడలేదు.

అమెరికాలో మనవాళ్ళది ఇదే కథ తిరగేసి. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో పిల్లలకి ఇంగ్లీషు ఎవరూ నేర్పక్కర్లేదు, పార్కులో జారుడుబండ మీద వచ్చేస్తుంది. తెలుగు మాత్రం ఆదివారం బళ్ళో గుణింతాలుగా వస్తుంది, సోమవారానికి పోతుంది. ఎండాకాలం సెలవులకి తెనాలిలో అమ్మమ్మ ఇంట్లో వదిలేస్తే, బాబాయి పిల్లలతో మామిడికాయల కోసం గోడలెక్కి, నెల్లాళ్ళలో తిట్లతో సహా నేర్చుకుని వెళతారు. తిట్లు ముందొస్తాయి, అదీ మంచిదే.

మాగడం దగ్గరికే వస్తాను. మా కోనసీమలో కాయని తొందరగా పండబెట్టడానికి కొందరు కార్బైడ్ పెడతారు. రాత్రికి రాత్రి తొక్క పసుపు పచ్చన. కోస్తే లోపల రాయి. అది ఆరోగ్యానికి చేటని 2011 ఆహార భద్రతా నిబంధనల్లో నిషేధించారు. పండుకి ఆ రక్షణైనా ఉంది. పిల్లల విషయానికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను బడిలో చేర్చుకోవడానికి పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష పెట్టకూడదంటుంది. మొదటి తప్పుకి 25,000, తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. కానీ ఆ చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళవాళ్ళదని, మూడేళ్ళ పిల్ల దాని కిందికి రాదని బళ్ళ తరఫు వాదన. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా వీలైనచోటల్లా ఇంటి భాషలో చెప్పమంది, పసివాళ్ళకి ఆటతో చెప్పమంది. 'వీలైనచోటల్లా' అన్న మాట పట్టుకుని మనవాళ్ళు ఎక్కడా వీల్లేదన్నారు.

మా మనవరాలికి ఆ బళ్ళో సీటు రాలేదు. వచ్చినా చేర్చేవాళ్ళం కాదని ఇప్పుడంటున్నాం, అప్పుడు మాత్రం మా కోడలు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పిల్ల ఇప్పుడు ఇంటిదగ్గరే ఒక చిన్న బడికి వెళుతోంది. పెద్ద పేరున్న బడేం కాదు. మోకాళ్ళ నిండా మట్టితో వస్తోంది.

జూన్‌లో బళ్ళు తెరుస్తారు. అంతకు ముందే అడ్మిషన్ల కోసం మిమ్మల్నీ బల్ల ముందు కూర్చోబెడతారు. ఈసారి ప్రశ్నలు మీరడగండి. మీ బళ్ళో ఇసుక ఉందా? నీళ్ళతో ఆడుకోనిస్తారా? పిల్లలు రోజులో ఎంతసేపు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారు? మా పిల్ల తెలుగులోనో, గోండిలోనో, ఉర్దూలోనో ఏదైనా అడిగితే బదులు చెప్పే మనిషి ఉన్నారా? సరైన జవాబు రాకపోతే చెక్కు జేబులో పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని లేచి వచ్చెయ్యండి.